ప్లగ్గు లేని చోట నిద్ర

నాకు గురక వస్తుంది. ఆడదానికి గురకేంటని నవ్వేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే నవ్వేయండి, మధ్యలో నవ్వి నా కథకు అడ్డు రాకండి. ముప్పై దాటిన తర్వాత మొదలైంది. నాకైతే అది వచ్చిన సంగతే తెలియదు. నిద్రలో ఉన్న మనిషికి తన గురక ఎట్లా వినపడుతుంది?

తెలిసింది ఒక పెళ్ళిలో. మావాళ్ళ ఊళ్ళో పెళ్ళి, ఆడవాళ్ళం ఇరవై మందిమి ఒకే హాల్లో చాపలు పరుచుకుని పడుకున్నాం. పొద్దున లేచేసరికి అందరూ ఒక ఫోను చుట్టూ మూగి పడీ పడీ నవ్వుతున్నారు. ఏముందోనని నేనూ నవ్వుతూనే వెళ్ళి తొంగిచూశాను. అందులో ఉన్నది నేనే. నోరు తెరుచుకుని, తల ఒక పక్కకు వాల్చేసి, లారీ గేరు మార్చినట్టు చప్పుడు చేస్తున్నాను. తీసింది మా ఆడబిడ్డ, అంటే మా ఆయన చెల్లెలు. "వదినా, గిట్ల ఎట్ల పండుకుంటవే!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా పరువు తక్కువ కదా. బాత్రూంలోకి వెళ్ళి మాత్రం ఏడ్చాను.

ఆ రోజు నుంచి పరాయి ఇంట్లో కన్ను మూయలేదు. పెళ్ళిళ్ళకు పోతే తెల్లారేదాకా కుర్చీలో కూర్చుని చాయ్ మీద చాయ్ తాగేదాన్ని. మేం బతకడానికొచ్చిన సూరత్ నుంచి సొంతూరికి రైల్లో పోవాలంటే, నిద్ర ముంచుకొచ్చినప్పుడల్లా తొడ గిల్లుకునేదాన్ని. చిన్నప్పుడు ఎండాకాలం వాకిట్లో పిన్నులు, అత్తలు, పిల్లలం అందరం వరసగా పడుకునేవాళ్ళం. ఎవరో ఏదో చెప్తుంటే, ఎవరో ఊ కొడుతుంటే, ఆ మాటలు వింటూ వింటూ నిద్రలోకి జారిపోయేవాళ్ళం. నాకు అన్నిటికంటే ఎక్కువగా గుర్తొచ్చేది అదే. నలుగురి మధ్య నిద్రపోవడం. నాకు ఆ అదృష్టం అయిపోయిందనే అనుకున్నాను.

మాది సూరత్ పాండేసరలో మేడ మీద ఒకే గది. కింద ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, రాత్రింబవళ్ళు దడదడలాడేవి. మంచం మీద చెంబు పెడితే దానంతటదే నడుచుకుంటూ అంచుదాకా వచ్చేది. మా ఆయన ఖటోదరాలో సాంచాల ఫిట్టరు. ఆయన చెవి మామూలు చెవి కాదు. ఇరవై సాంచాల మధ్య నిలబడి, ఏది ఆగిందో తల తిప్పకుండానే చెప్తాడు. అంత చప్పుడులోనూ హాయిగా నిద్రపోతాడు. చప్పుడు ఆగిందా, చటుక్కున లేచి కూర్చుంటాడు. సాంచాల మనుషులందరూ అంతే. కరెంటు పోయిన రాత్రి మా గల్లీ గల్లీ అంతా లేచి అరుగుల మీద కూర్చుంటుంది.

కరోనా వచ్చి అన్నీ బంద్ అయినప్పుడు ఆ సాంచాలు ఆగిపోయాయి. ఒక్కరోజు కాదు, రెండు రోజులు కాదు, వారాల తరబడి. ఆ నిశ్శబ్దానికి మాలో ఎవరికీ నిద్ర పట్టలేదు. కింద చప్పుడు లేక ఆయన చెవికి ఇక నేనే మిగిలాను. ఒక పొద్దున చాయ్ ముందు పెట్టుకుని తాగకుండా నన్నే చూస్తున్నాడు.

"నువ్వు పండుకున్నంక ఆగుతున్నవ్," అన్నాడు.

"ఆగుడేందయ్యా?"

"గురక నడుస్తది, నడుస్తది, టక్కున ఆగుతది. నాకు మెలకువైతది. లెక్కపెడుత. ఇరవై, ఇరవై ఐదు అయినంక, నీళ్లల్లకెళ్లి లేసినట్టు ఒక్కసారి గుంజుకుంటవ్."

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు సుత నవ్వుతున్నవా నన్ను? నీ చెల్లె నవ్వింది సాలలేదా?"

ఆయన నవ్వడంలేదు. "సాంచ ఊకెనే ఆగదే. యాడనో పోగు తెగితెనే ఆగుతది," అన్నాడు. పెళ్ళిలో అంతమంది నా గురక విన్నారు. అది ఆగడం విన్నది ఈయనొక్కడే.

అప్పుడు ఆసుపత్రుల్లో కరోనా తప్ప ఇంకో రోగాన్ని చూసే తీరిక ఎవరికీ లేదు. కొన్ని నెలలు అట్లాగే గడిచాయి. ఆ నెలలన్నీ నా శ్వాస ఆగినప్పుడల్లా ఆయన లేచి నా భుజం తట్టేవాడు. నేను కసురుకునేదాన్ని. "మనిషిని పండనియ్యవా?" అని ఒకసారి దిండు తీసి విసిరాను కూడా. పగలు మాత్రం కూర్చున్నచోటే తూగేదాన్ని. రింగ్ రోడ్ మార్కెట్ల నుంచి వచ్చే చీరలకు వెనకవైపు వేలాడే దారాలు కత్తిరించడం నా పని. ఒకరోజు తూగుతూ తూగుతూ దారం బదులు చీరనే జానెడు పొడవున కోసేశాను. డాక్టర్ దగ్గరికి పోదామని ఆ రోజు నేనే అడిగాను.

ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు పెట్టి పడుకోబెట్టి పరీక్ష చేశారు. నిద్రలో గొంతు మూసుకుపోతోందని, గాలి లోపలికి పోవడంలేదని డాక్టర్ చెప్పాడు. ఒక చిన్న యంత్రం ఇచ్చారు. దానికి పైపు, పైపు చివర ముక్కుకు పెట్టుకునే మాస్కు. అది గాలిని మెల్లగా తోస్తూ గొంతును మూసుకోనివ్వదు. పడుకున్న ప్రతిసారీ పెట్టుకోవాలి, ఒక్క రాత్రి కూడా మానొద్దు అని మరీ మరీ చెప్పాడు.

మొదటి పది రోజులు దాన్ని తిట్టని తిట్టు లేదు. గొంతు ఎండిపోయేది, నిద్రలో మాస్కు పీకి పారేసేదాన్ని. యంత్రంలోనే చిన్న నీళ్ళ డబ్బా ఉంది, అడుగున వేడెక్కి గాలికి తేమ పడుతుంది. దాన్ని పెంచాక కుదిరింది. ఒక పొద్దున లేచి, చాయ్ పెట్టుకుంటూ నాకు తెలియకుండానే పాట పాడుకున్నాను. ఆయన చేతిలో గిన్నె కింద పడింది. "ఏమైందే నీకు?" అన్నాడు. ఏమీ కాలేదు. నిద్రపోయాను, అంతే. ఎన్నేళ్ళకో నిద్రపోయాను.

రెండోసారి కరోనా విరుచుకుపడినప్పుడు ఎదురింటివాళ్ళు కిటికీలోంచి నా మాస్కు, పైపు చూశారు. ఆక్సిజన్ పెట్టారని గల్లీ అంతా గుప్పుమంది. పాలవాడు గుమ్మం ఎక్కడం మానేశాడు. ఇంటి ఓనరమ్మ కింద రోడ్డు మీద నిలబడి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "కరోనా ఛే?", కరోనానా అని గుజరాతీలో అరిచింది. నాకు కోపం నషాళానికి అంటింది. మాస్కు చేత్తో పట్టుకుని బాల్కనీలోకి వచ్చి, "కరోనా నహీ! ఖర్రాటే! నాకు గురక, గురక!" అని హిందీలో, తెలుగులో గొంతు చించుకున్నాను. ఇన్నేళ్ళు తొడలు గిల్లుకుని దాచుకున్న గుట్టు ఒక్క అరుపుతో బజారున పడింది. లోపలికి వచ్చాక చూస్తే, విచిత్రంగా, ప్రాణానికి హాయిగా ఉంది.

ఆ ఏడు దీపావళికి సాంచాలకు ఎప్పటిలాగే సెలవులిచ్చారు. మామూలుగా అందరూ ఊళ్ళకు పోతారు. మళ్ళీ బంద్ పెడితే అక్కడే ఇరుక్కుపోతామన్న భయంతో మా ఆడబిడ్డ వాళ్ళతో కలిపి మా నాలుగు కుటుంబాలు ఆగిపోయాయి. మా ఆడబిడ్డ ఊరుకునే రకం కాదు. డాంగ్ కొండల వైపు అడవిలో ఏటి ఒడ్డున ఒక రాత్రి డేరాలు వేసుకుని ఉండివద్దామని అందరినీ లేపింది, టెంపో కూడా మాట్లాడింది.

"వదినా, నువ్వు సుత రావాలె," అంది గుమ్మంలో నిలబడి.

"నాకు ప్లగ్గు కావాలె. అడవిల చెట్టుకు ప్లగ్గు ఉంటదా?" అన్నాను విసురుగా.

అది వెళ్ళిపోయాక మాత్రం నాకు ఏడుపొచ్చింది. పోవాలని ఎంత ఉందో అప్పుడే తెలిసింది. మనుషులందరూ ముక్కూ మూతీ మూసుకుని, ఒకరినొకరు తాకకుండా బతికిన రెండేళ్ళ తర్వాత, నలుగురూ ఒకచోట పడుకోబోతున్నారు. ఇన్నేళ్ళకు గురక లేకుండా వాళ్ళ మధ్య పడుకునే ఉపాయం నాకు దొరికింది, అదేమో గోడకు కట్టేసి ఉంది.

"ఇంట్ల ఫిట్టర్‌ను పెట్టుకొని కరెంటు కోసం ఏడుస్తవా?" అన్నాడు ఆయన. గ్యారేజీలో పాత కారు బ్యాటరీ, దాన్ని ఇంటి కరెంటుగా మార్చే చిన్న ఇన్వర్టర్ పెట్టె సంపాదించాడు. సెలవులే కాబట్టి, మధ్యాహ్నం అన్నం తిన్నాక నన్ను పడుకోబెట్టి పరీక్ష మొదలుపెట్టాడు. నీళ్ళ డబ్బా వేడిని మాత్రం చివరిదాకా తిప్పాడు. సాంచాల షెడ్డులో గాలి పొడిగా ఉంటే పోగులు ఒకదానికొకటి అతుక్కుని తెగుతాయి. తేమ తగ్గనివ్వకూడదన్నది ఆయనకు అన్నిటికన్నా పెద్ద చట్టం.

రెండు గంటలు దాటి కొంచెంసేపు. యంత్రం ఆగింది. ముక్కు మీద ఎవరో అరచేయి పెట్టినట్టయి, మాస్కు పీకేసి లేచి కూర్చున్నాను. మర్నాడు బ్యాటరీ మార్చాడు. మళ్ళీ అంతే. గ్యారేజీవాణ్ణి తిట్టాడు, ఇన్వర్టర్‌ను తిట్టాడు, చివరికి నా మీదకి వచ్చాడు. "నువ్వే గాలి ఎక్కువ గుంజుతున్నవ్!"

"గంత గాలి నేను గుంజుతే ఈ గోడలు ఉండునా?" అన్నాను. "నేను రాను. మీరు పోయి రాండ్రి. నాకు అచ్చిరాదు."

ఆ మాట అనేసి, డబ్బాలో నీళ్ళు పారబోద్దామని యంత్రం విప్పాను. అడుగున ఉన్న ఇనుప బిళ్ళ చేతికి చుర్రుమంది. ఇస్త్రీపెట్టె అంత వేడి. మా గదిలో ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెడితే బల్బు వెలుగు తగ్గుతుంది. అది రోజూ చూసేదాన్ని నేనే కదా, ఆయన కాదు.

"ఏమయ్యా ఫిట్టరూ, ఇట్ల రా. బ్యాటరీని తాగేది గాలి గాదు, ఈ వేడి."

బిళ్ళ తాకి చూశాడు. ముఖం మాడిపోయింది. అయినా ఒప్పుకోడు. "వేడి బంద్ చేస్తే గొంతు ఎండుతది. గొంతు ఎండితే మాస్కు పీకేస్తవ్. పీకేస్తే మళ్ల ఆగుతవ్. గట్లయితే ఇగ ఏం ఫాయిదా?"

అది నిజమే. ఇద్దరం ఆ యంత్రానికి చెరోపక్క మొహాలు ముడుచుకుని కూర్చున్నాం. రేపొక్కరోజే మధ్యలో ఉంది, ఎల్లుండి టెంపో వస్తుంది. కింద షెడ్డు తలుపు తీసి ఉంది, సెలవులకు ఖాళీగా ఎండిపోయిన గచ్చు కనిపిస్తోంది.

"మీ సాంచాల కాడ హీటర్లు ఉంటయా?" అన్నాను.

"హీటర్లెందుకు? గచ్చు మీద నీళ్లు సల్లుతం. తడి గుడ్డలు..." అని ఆగిపోయాడు. నా వైపు చూశాడు. తర్వాత లేచి, లోపలినుంచి రంగు వేయని తెల్లటి తానుముక్క ఒకటి తెచ్చి బకెట్లో ముంచాడు.

మర్నాడు మూడో పరీక్షలో వేడి బంద్. మంచానికి నాలుగు వైపులా తడి గుడ్డ వేలాడదీశాడు, గచ్చంతా నీళ్ళు చల్లాడు. ఆయన జారి పడ్డాడు కూడా, అది వేరే సంగతి. మధ్యాహ్నం పెట్టిన యంత్రం దీపాలు పెట్టేవేళకూ నడుస్తూనే ఉంది, అన్నాలు తినేవేళకూ నడుస్తూనే ఉంది. యంత్రం ఇచ్చినవాళ్ళకు ఫోన్ చేసి అడిగితే, వేడి లేకుండా వాడినా ఫరవాలేదని, బ్యాటరీని మాత్రం డేరా బయటే పెట్టమని చెప్పారు. మా ఆయన ఫోన్ పెట్టేసి, అంతా తనకు ముందే తెలిసినట్టు మీసం దువ్వుకున్నాడు. పోనీలే అని ఊరుకున్నాను.

టెంపోలో అందరి మాస్కులూ ఊరు దాటేదాకా ముక్కు మీద, దాటాక గడ్డం కింద. డేరాలు కూడా మా సాంచాల సరుకే. మరకలుపడి సేఠ్ వద్దన్న తెల్లటి తానులు కుట్టి, పైన ప్లాస్టిక్ షీటు కప్పాం. ఏట్లో పిల్లలు మునిగారు, పెద్దలు కోడికూర వండారు, సర్వపిండి కాల్చారు. రెండేళ్ళలో మేం అంత గట్టిగా మాట్లాడుకున్నది లేదు. ఒకరి పళ్ళెంలోంచి ఒకరు తీసుకుని తిన్నాం.

పడుకునే వేళైంది. ఆడవాళ్ళం ఏడుగురం ఒకే డేరాలో. మాస్కు తీసి చేతిలో పట్టుకున్నాను, పెట్టుకోవడానికి చేయి రాలేదు. చివరికి పెట్టేసుకున్నాను. ఒక చిన్నపిల్ల "అత్తమ్మ ఏనుగైంది!" అని అరిచింది. అందరూ నవ్వారు. ఈసారి నాకు నిజంగానే నవ్వొచ్చింది, తొండం ఊపి దాన్ని బెదిరించాను. మా ఆడబిడ్డ వచ్చి తన చాప నా చాపకు ఆనించి పరిచింది. "వదినా, ఆ వీడియో నేను ఎప్పుడో తీసేసిన. తప్పైంది," అంది నెమ్మదిగా. నేను దాని చేయి నొక్కాను. మాస్కు పెట్టుకున్నాక మాట్లాడటం కుదరదు, అదీ ఒకందుకు మంచిదే.

డేరా గుమ్మం ముందు, గోనెసంచి మీద పెట్టిన బ్యాటరీ పక్కన ఆయన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "నువ్వు పండుకో. నేను కూసుంట," అన్నాడు. చుట్టూ తడి గుడ్డ, దాని చల్లదనం. పక్కన ఎవరో అత్తగారి ముచ్చట చెప్తున్నారు, ఎవరో ఊ కొడుతున్నారు. తర్వాత ఏం చెప్పారో నాకు తెలియదు.

కళ్ళు తెరిచేసరికి తెల్లటి గుడ్డలోంచి ఎండ వస్తోంది. యంత్రం సన్నగా మూలుగుతూ నడుస్తూనే ఉంది. నేను నిద్రపోయాను. ఆరుగురి మధ్య, అడవిలో, ప్లగ్గు లేని చోట, తెల్లారేదాకా నిద్రపోయాను. సంతోషం పట్టలేక పిచ్చిదానిలా ఒక్కదాన్నే నవ్వుకున్నాను. గుడ్డ అంచు నుంచి చల్లటి నీటిచుక్క నా పాదం మీద పడింది. అంటే ఎవరో తడుపుతూనే ఉన్నారు.

మా ఆడబిడ్డ బయట చెంబుతో నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "గాలికి ఊకె ఎండుతుంది వదినా, రెండుసార్లు తడిపిన. అన్నను పండుకో అంటే ఇనడు. నేను చూస్త గదా అని ఒట్టేసినంక ఇప్పుడిప్పుడే ఒరిగిండు," అంది.

అప్పుడు చూశాను ఆయన్ని. బ్యాటరీ పక్కన నేల మీదే, వైరు మీద చేయి వేసుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పిల్లలు పక్కనుంచి పరుగెత్తినా కదల్లేదు. సాంచాలు ఆగిన నాటి నుంచి ఈయన ఒక్క రాత్రి అయినా పూర్తిగా పడుకున్నాడా? మొదట నా భుజం తట్టడానికి లేచాడు, యంత్రం వచ్చాక కరెంటు పోయిన ప్రతిసారీ లేచాడు. పొద్దున అడిగితే "మంచిగనే పండుకున్న" అనేవాడు. నేను నమ్మాను. నా నిద్ర, నా గురక, నా పరువు అని ఇన్నేళ్ళు నన్ను నేనే చూసుకున్నాను. ఈ మనిషి నిద్ర సంగతి ఒక్కనాడు అడగలేదు. సిగ్గేసింది.

గుజరాతీ టెంపో డ్రైవర్ వచ్చాడు. "చలో బెన్, డేరాలు విప్పాలి." మాస్కు తీసి దిండు మీద పెట్టి, యంత్రం ఆపుదామని చేయి చాచాను. చాచిన చేయి అక్కడే ఆగింది. ఈ చప్పుడు ఆగితే ఆయన లేస్తాడు.

ఆపలేదు. గాలి ఎవరికీ కాకుండా బుస్సుమంటూ దిండు మీదకు పోతోంది. "బ్యాటరీ ఊరికే అయిపోతోంది బెన్," అన్నాడు డ్రైవర్. ఆ బ్యాటరీ కోసం నేను పడ్డ పాట్లు అతనికేం తెలుసు? "కానివ్వు భాయ్, నువ్వు కూడా ఒక చాయ్ తాగు," అన్నాను. మా ఆడబిడ్డకు అర్థమైంది. పిల్లల్ని ఏటి వైపు తోలుకుపోయింది. మిగతా డేరాలు ఒక్కొక్కటే విప్పారు, మాది మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఎండ బాగా పైకొచ్చాక ఇన్వర్టర్ కీచుమని, యంత్రం ఆగింది. ఆయన దిగ్గున లేచి కూర్చున్నాడు. జుట్టు నిండా గడ్డిపోచలు, కళ్ళు ఇంకా తెరుచుకోలేదు. చేయి అలవాటుగా నా భుజం కోసం వెతికింది.

"ఆగినవా?" అన్నాడు.

"లేదయ్యా," అన్నాను. "చాయ్ తాగుతున్న."